మడత పెట్టకుండా కోసిన జాకెట్

మా బడిలో మహిళా దినోత్సవం వచ్చిందంటే నా గురించి ఒక కథ చెబుతారు. నేను ముందు వరసలో కూర్చుని ఉండగానే చెబుతారు. టీచరమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందట. కుంగిపోయిందట. ఒకనాడు కుట్టు మిషన్ ముందు కూర్చుందట. రంగురంగుల దారాలతో దుఃఖాన్ని కుట్టి పక్కన పడేసి, ధైర్యంగా బడికి తిరిగొచ్చిందట. ఆ తర్వాత చప్పట్లు, ఒక శాలువా, ఒక ఫొటో.

చెప్పేవాళ్లు మంచివాళ్లే, నా మీద ప్రేమతోనే చెబుతారు. అయినా ఆ కథలో నిజమంటూ ఉంటే ఒక్క క్యాన్సరే. నేను కుంగిపోలేదు, మండిపోయాను. నాకప్పటికి మిషనే లేదు. రంగు దారాలూ లేవు. మొదటి మూడు జాకెట్లు, గుడ్డ ఏ రంగుదైనా సరే, తెల్ల దారంతోనే కుట్టాను, ఎందుకంటే నాకు నేర్పినామె దగ్గర ఆ ఒక్క రీలే ఉంది. ఇక ధైర్యం సంగతంటారా, నేను మిషన్ దగ్గరికి పోయింది దర్జీతో కొట్లాడి. ఈ మాట సభలో చెబితే అందరూ నవ్వుతారు, సరదాకి అన్నాననుకుంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను గొర్రెల మంద ఉన్న ఇంట్లో పుట్టాను. మా ఊళ్లో చదువు మాన్పించిన ఆడపిల్లను ఏడాది తిరక్కుండా కుట్టు నేర్చుకోవడానికి పంపేవాళ్లు. ఆ వరస చూసిన మా బాపు నా చేతికి సూది తగలనివ్వలేదు. డిగ్రీ చదివి, బీఎడ్ చేసి, సోషల్ టీచర్నై, నలభై దాటేదాకా ఊడిపోయిన హుక్కు కూడా వేరేవాళ్ల చేతే కుట్టించుకున్నాను. కుట్టు రాకపోవడం నాకు లోపల కొంచెం గొప్పగా కూడా ఉండేది. చదువుకున్నదాన్ని కదా. అది ఒట్టి పొగరని ఇప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడు ఎవరైనా అని ఉంటే మాత్రం ఊరుకునేదాన్ని కాదు.

నా హుక్కులు కుట్టిపెట్టింది మా ఆడబిడ్డ. మా ఆయన అక్క. భర్త పోయాక కొత్తకోటలో మా దగ్గరే ఉంటోంది. మాకిద్దరికీ పడదు. ఉప్పు దగ్గర్నుంచి ఓటు దాకా అన్నింటికీ వాదించుకుంటాం. కానీ రాష్ట్రం వచ్చిన మూడో ఏడో, నాలుగో ఏడో, దసరా సెలవుల్లో పట్నం దవాఖానలో నా కుడి రొమ్ము, చంక కింది గడ్డలు తీసేసినప్పుడు, పక్కటెముకల దగ్గర గొట్టం పెట్టి, ఒంట్లోంచి కారే నీరు పట్టే డబ్బా ఒకటి తగిలించారు. ఆ డబ్బాను రోజుకు రెండుసార్లు కొలిచి పారబోసిందీ, చలికాలమంతా కీమో వాంతులు ఎత్తిపోసిందీ ఆమే. దవాఖాన కథలన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి అవి రాయను. ఆమె చేతులు మాత్రం రాయాలి. ఒక్కనాడు ముక్కు చిట్లించలేదు.

ఎండాకాలం వచ్చేసరికి మందులు అయిపోయాయి. నెత్తి మీద అర అంగుళం జుట్టు మొలిచింది. కుడి చెయ్యి మాత్రం మోచేతి పైన వాచి అలాగే ఉండిపోయింది. అది ఇక ఉంటుందని, బిగుతు చేతులు తొడుక్కోవద్దని డాక్టర్ చెప్పింది. ఇంట్లో నైటీ వేసుకుని, మీద తువ్వాల కప్పుకుని తిరిగేదాన్ని. జూన్‌లో బడి తెరుస్తారు. మా హెడ్మాస్టర్ ఫోన్ చేసి, ఈ ఏడాదికి తరగతులు వద్దు మేడం, ఆఫీసు గదిలో కూర్చుని కాగితాల పని చూసుకోండి, అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ గదిలో ఒకసారి కూర్చున్నానంటే మళ్లీ బోర్డు ముందు నిలబడనని నాకు తెలుసు. ఆ మూలన శాలువా కప్పుకుని కూర్చునే మనిషినవుతాను. పిల్లలు తలుపు దగ్గర గొంతు తగ్గించి నడుస్తారు. నాకు కావలసింది ఒక్కటే, జూన్‌లో చీర కట్టుకుని పదో తరగతిలో నిలబడడం. ఆలోచించి చెప్తాను సార్, అని ఫోన్ పెట్టేశాను.

చీరతో గొడవ లేదు. చీర ఏ ఒంటికైనా చుట్టుకుంటుంది. గొడవంతా జాకెట్‌తో.

మా దగ్గర జాకెట్ కుట్టించుకోవడానికి ఆడది దర్జీ దగ్గరికి పోదు. ఆమె జాకెట్ పోతుంది. ఒకప్పుడు సరిగ్గా కుదిరిన జాకెట్ ఒకటి ఉంటుంది ప్రతి ఇంట్లో, ఆది జాకెట్. కొత్త గుడ్డతో పాటు దాన్ని సంచిలో పెట్టి పంపితే, దర్జీ దాన్ని చూసి అచ్చం అలాంటిదే కుట్టి ఇస్తాడు. టేపు పట్టుకుని ఒంటి మీద కొలవడం ఉండదు, సిగ్గుపడడం ఉండదు. నా ఆది జాకెట్ బీఎడ్ నాటిది. రెండుసార్లు పక్క కుట్లు విప్పి వదులు చేసింది. ఇరవై ఏళ్లుగా నా ఒంటి తరఫున అదే బజారుకు పోయి వస్తోంది.

మే నెల చివర్లో మా ఆడబిడ్డ ఒకరోజు మంచం మీద నాలుగు కొత్త జాకెట్లు పరిచింది. నాకు చెప్పకుండా, నా పెట్టెలోంచి నాలుగు గుడ్డలూ ఆది జాకెట్టూ తీసి, బస్టాండు దగ్గరి దర్జీకి ఇచ్చి కుట్టించుకొచ్చింది. బడికి కొత్త జాకెట్లతో పోతే నా మనసు బాగుంటుందని. ఆమె మొహంలో ఆ సంతోషం నాకింకా గుర్తుంది.

ఒకటి తొడుక్కున్నాను. కుడి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. రెండోది తీసుకుని, బలవంతంగా ఎక్కించి, హుక్కులు పెట్టుకున్నాను. ఎడమ పక్క చక్కగా కూర్చుంది. కుడి పక్క గుడ్డ ఖాళీ సంచిలా ముందుకు జారి, రొమ్ము నిండుకు తగ్గట్టు మడిచి టక్కులు వేసిన చోట ముడతపడి వేలాడింది. ఆ దర్జీ పనిలో ఒక్క తప్పు లేదు. లేని మనిషికి అంగుళం తేడా లేకుండా కుట్టిచ్చాడు. ఆది జాకెట్‌కు ఆపరేషన్ కాలేదు కదా.

మా ఆడబిడ్డకు చెయ్యి నోటి దగ్గరికి పోయింది. ఆ పొరపాటు ఆమెకు అప్పుడు తట్టింది. ఇంట్లో అన్నీ చూసిన మనిషి, గొట్టం కట్టు మార్చిన మనిషి, జాకెట్ దగ్గరికి వచ్చేసరికి చేతి అలవాటు కొద్దీ పెట్టె తెరిచి ఆది తీసింది. కానీ ఆమె కూడా నాలాంటిదే, తప్పు ఒప్పుకునే ముందు ఒక సలహా చెబుతుంది.

"దూది పెట్టుకో. కొంగు నిండుగ కప్పుకో. ఎవరు చూస్తరు?" అంది.

"నేను చూస్త," అన్నాను.

మర్నాడు పొద్దున ఆ నాలుగూ సంచిలో కుక్కుకుని దర్జీ దుకాణానికి పోయాను. ఆపరేషన్ తర్వాత ఒక్కదాన్నే బజారుకు పోవడం అదే మొదలు. హైవే మీది బస్సులు దిగినవాళ్లంతా నన్నే చూస్తున్నట్టుంది. చూస్తే చూడనీ అనుకునే స్థితిలో లేను, అందుకే గబగబా నడిచాను. దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు ఫాల్స్ కుట్టించుకోవడానికి నిలబడి ఉన్నారు. ఈ జాకెట్లు నాకు కుదరలేదు, కుడి పక్క టక్కులు లేకుండా, చెయ్యి వదులుగా కుట్టాలి, అన్నాను. ఎడమ సంగతేమిటన్నాడు. ఎడమ బాగుంది, అది అలాగే ఉండాలన్నాను. అతనికి అర్థం కాలేదు. తన కుట్టులో ఏమైనా తేడా ఉందా అని జాకెట్లు తిప్పి తిప్పి చూశాడు. నేను గొంతు పెంచాను. నాకు గొంతు పెంచడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

"మేడం, ఏ జాకెటైనా గుడ్డ మడత పెట్టే కోస్తం. ఒక దిక్కు కోస్తె రెండో దిక్కు అదే అస్తది," అన్నాడు ఓపిగ్గా.

"రాకపోతే?"

"రాకపోవుడేంది మేడం. మనిషి రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటరు గద."

"నేను లేను," అన్నాను.

మిషన్ ఆగిపోయింది. ఆ ఇద్దరు ఆడవాళ్లు గోడ మీది క్యాలెండర్ చూడడం మొదలుపెట్టారు. ఆ దర్జీ నలభై ఏళ్ల మనిషి, నెత్తిన టోపీ, చెవి మీద సుద్దముక్క. అర్థమైన క్షణంలో అతని మెడ దాకా ఎర్రబడింది. నా వంక చూడలేక కత్తెర వంక చూస్తూ, దుకాణం వెనక సందులో తన తల్లి ఉంటుందని, తనకు పని నేర్పింది ఆమేనని, అమ్మీ దగ్గరికి పొమ్మని చెప్పాడు. నేను అతన్ని ఇంకో రెండు మాటలని గానీ కదల్లేదు. ఆ రెండూ అనకుండా ఉండాల్సింది. అతను చేసిన తప్పేమీ లేదు. ఆ తర్వాత చాలా కాలానికి ఆ మాట అతనితోనే చెప్పాను. అవన్నీ ఎప్పుడో మరిచిపోయినట్టు చెయ్యి ఊపేశాడు.

సందులో రెండో ఇల్లు. రేకుల వసారాలో ఒక ముసలామె కింద కూర్చుని ఎవరిదో చొక్కాకు గుండీలు కుడుతోంది. చూపు మందగించాక కోత పని మానేసి గుండీలు, కాజాలు మాత్రం చేస్తోందట. అప్పటి నుంచి నేను ఆమెను ఖాలా అనే, అంటే పిన్నమ్మా అనే, పిలిచాను. నేను జాకెట్లు ఆమె ఒళ్లో వేసి, పోట్లాట మొదలుపెట్టినట్టే చెప్పుకొచ్చాను. ఆమె ఏ జబ్బు, ఏ దవాఖాన, ఎంతమంది పిల్లలు అని ఏమీ అడగలేదు. లేచి తలుపు దగ్గరగా వేసింది.

"ఆది తేలేదు ఖాలా," అన్నాను.

"నువ్వే అచ్చినవ్ గద బిడ్డా. ఇంక ఆది ఎందుకు?"

ఆమె టేపు వాడదు. రెండు దారాలు తీసింది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. భుజం నుంచి నడుముకు ఒక ముడి, భుజం నుంచి చంకకు ఒక ముడి, ఛాతీ అడ్డంగా ఒక ముడి, చెయ్యి లావు ఒక ముడి. కుట్లు పడిన చోట దారం ఆనించేటప్పుడు ఆమె వేళ్లు తడబడలేదు, ఆగనూ లేదు. ఆపరేషన్ తర్వాత ఆ చోటు ముట్టుకున్న చేతుల్లో జాలీ, జాగ్రత్తా లేకుండా పని మాత్రమే ఉన్న చేతులు అవే. నాకు ఏడుపొచ్చింది. ఆమె పట్టించుకోలేదు.

తర్వాత ఒక పాత దుప్పటి ముక్క చాప మీద పరిచింది. మడత పెట్టలేదు. సుద్దతో మధ్యలో ఒక గీత గీసి, ఇటు ఒక దారం, అటు ఒక దారం పెట్టి, రెండు పక్కలూ వేరువేరుగా గీసింది. కత్తెర నా వైపు జరిపింది.

"కైంచి నువ్వు పట్టు. నా కండ్లకు గీత కనవడ్తలేదు."

నాకు రాదన్నాను. నేర్చుకోమంది. ఈ వయసులోనా అన్నాను. ఈ వయసులోనే కదా నీకు అవసరం పడింది అంది. వాదనలో నన్ను ఓడించిన మనుషులు తక్కువ, ఆమె రెండు మాటల్లో ఓడించింది. నా వాచిన చెయ్యి ఆ బరువు కత్తెర మొయ్యలేక నాలుగు అంగుళాలకొకసారి ఆగేది. అలా నేర్చుకున్నాను కుట్టు. ధైర్యంగా అని ఎవరైనా రాయదలిస్తే, ఆ మొదటి ముక్క అంచులు చూసి రాయమనండి.

ఇంటికొచ్చేసరికి మా ఆడబిడ్డ వాకిట్లో కూర్చుని ఉంది. నా చేతిలో సంచి లాక్కుంది. ఆ నాలుగు జాకెట్లు, ఒక్కో కుట్టు పిన్నీసుతో లేపుతూ, మూడు మధ్యాహ్నాలు కూర్చుని మొత్తం విప్పేసింది. ముక్కలన్నీ ఇస్త్రీ చేసి, దొంతి పెట్టి నాకిచ్చింది. నేర్చుకునేటందుకు పనికొస్తాయని. క్షమించమని నోటితో అనలేదు. నేనూ థాంక్స్ అనలేదు. మా ఇద్దరికీ ఆ మాటలు రావు.

రోజూ పదింటికి పోయేదాన్ని, అన్నం వేళకు వచ్చేదాన్ని. ఖాలా మిషన్ తొక్కుడు మిషన్, అందుకని కరెంటు ఉన్నా లేకపోయినా పని ఆగదు. నేను ఆమెతో ప్రతిదానికీ వాదించేదాన్ని. కుట్టుకు అర అంగుళం ఎందుకు వదలాలి, పావు చాలదా. లైనింగ్ ముందు తడిపి ఆరబెట్టాలని ఎవరు చెప్పారు. ఆమె నా ఇష్టం వచ్చినట్టు చెయ్యనిచ్చేది. తర్వాత పాడైపోయిన ముక్క ఎత్తి చూపించేది.

నాలుగో రోజు అనుకుంటా, మంచి గుడ్డ మీద మొదటిసారి కోశాను. గులాబీ రంగు పాప్లిన్. కుడి పక్కది, టక్కులు లేనిది, జాగ్రత్తగా కొలత గీసిన కాగితం పెట్టి, చక్కగా, ఒక్క వంకర లేకుండా కోసి, గొప్పగా ఆమె ముందు పరిచాను. రెండు ముక్కలు వచ్చాయి. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. రెండూ చదునుగా ఉన్నాయి. ఎన్నేళ్లుగానో దర్జీలు కోస్తుంటే చూసిన చెయ్యి, నన్ను అడగకుండానే గుడ్డను మడత పెట్టేసింది. దర్జీని తిట్టి వచ్చిన నేనే, మా ఆడబిడ్డ పొరపాటును తప్పుపట్టిన నేనే, నా ఒంటిని నేనే మరిచి మడత మీద కోశాను.

ఖాలా ఆ రెండు ముక్కలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"రెండు దిక్కుల సాపు చేసినవ్ టీచరమ్మా. రెండోది గూడ తీపిచ్చుకుంటవా ఏంది?"

నా ముందు ఎవరూ ఆ ఊసు ఎత్తని రోజులవి. చుట్టాలు రొమ్ము అనే మాట రాకుండా మాట్లాడడానికి నానా తిప్పలు పడేవాళ్లు. ఈమె తీపిచ్చుకుంటవా అంటోంది. అప్పుడు లోపల్నుంచి నవ్వొచ్చింది. కుట్లు పడిన చోట లాగేటంత నవ్వు. ఖాలా కూడా నవ్వింది, ఉన్న నాలుగు పళ్లతో. దుకాణంలోంచి కొడుకు ఏమైందోనని తొంగి చూసి పోయాడు. నాకేదైనా బాగైందంటే అది ఆ నవ్వు దగ్గర మొదలైందని నా నమ్మకం, మందుల మీద నాకేమీ చిన్నచూపు లేదు.

కుడి పక్క నింపాలా వద్దా అన్నది మా తర్వాతి గొడవ. పసిపిల్లల తల కింద పెట్టే ఆవాల దిండు ఉంటుంది చూడండి, అలాంటిదే అరచేతంత సంచి కుట్టి, ఆవాలు పోసి ఇచ్చింది ఖాలా. దూది తేలికగా ఉండి పైకి జరుగుతుంది, ఆవాలకు బరువుంటుంది, ఒంటితో పాటు కదులుతుంది. నిజంగానే బాగుంది. రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని తిరిగాను. మూడో రోజు నేను కుట్టిన పక్క కుట్టు విడిపోయి, వంటింట్లో నిలబడి ఉండగా జలజలా కారిపోయాయి. మా ఆడబిడ్డ చీపురు తెచ్చి, "ఊడ్చిపెడ్త, పోపుకు పనికస్తయ్," అంది. ఆమె నన్ను ఎగతాళి చేయడం మళ్లీ మొదలుపెట్టిందంటే ఇల్లు మామూలైనట్టే.

ఆ సంచి మళ్లీ కుట్టొచ్చు. కుట్టలేదు. ఎందుకు నింపాలి అన్న ప్రశ్న పట్టుకుంది నన్ను. నా కోసమా, ఎదుటివాళ్ల కళ్ల కోసమా? ఎవరికి ఎలా కావాలంటే అలా ఉండొచ్చు, నింపుకునేవాళ్లను నేను తప్పు పట్టను. నాకు మాత్రం ఒద్దనిపించింది. ఖాలాతో చెబితే, నింపితే నింపు లేకుంటే లేదు, కుట్టు మాత్రం సీదా ఉండాలె, అని తేల్చేసింది.

అప్పుడు తీశాను మా అమ్మ నారాయణపేట చీర. ముదురు ఎరుపు, సన్నని నల్ల గళ్లు. మడతల దగ్గర చిరిగి, కట్టుకోవడానికి పనికిరాదు, పారెయ్యడానికి మనసు రాదు. దాన్ని ముందు పెట్టుకుని కత్తెర తీసేసరికి మా ఆడబిడ్డ, తల్లి చీర కోసుకునేదాన్ని నిన్నే చూసిన, అని లేచి పోయింది. బొందలో పెట్టుకోనా, ఒంటి మీద పెట్టుకోనా అన్నాను ఆమె వీపుతో.

గళ్ల గుడ్డతో జాకెట్ కుట్టడం దర్జీలకు ఇష్టముండదు. టక్కు వేసిన చోట గళ్లు విరిగిపోతాయి. ఒక గీత ఇటు, ఒక గీత అటు వంగి, ఎంత పనివాడైనా కలపలేడు. నా ఎడమ పక్క కూడా అలాగే విరిగాయి. కుడి పక్క టక్కు లేదు. భుజం దగ్గర మొదలైన నల్ల గీత ఎక్కడా వంగకుండా, ఆగకుండా, నడుము పట్టీ దాకా దిగింది. పక్కనే ఇంకో గీత. దాని పక్కన ఇంకోటి. మగ్గం మీద ఎలా నేశారో అలాగే. నేను తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ ఉండిపోయాను. నా ఒంట్లో పోయిన చోటే ఆ గుడ్డ పూర్తిగా కనబడుతోంది. ఖాలా దగ్గరికొచ్చి, కళ్లు సరిగా ఆనవు కాబట్టి వేలితో భుజం నుంచి కిందికి గీత వెంట తడిమింది.

"గడి విరగలే," అంది.

అరవై ఏళ్లు కుట్టిన మనిషి. జాకెట్ మీద గడి విరగకపోవడం తాను మొదటిసారి చూస్తున్నానంది. ఆ ఎడమ పక్క విప్పేసి, అక్కడ ఒట్టి నలుపు గుడ్డ వేశాను. ఇక ఎవరు చూసినా రెండు పక్కలూ ఒకటి కాదని మొదటి చూపుకే తెలుస్తుంది. దాచడం మానేశాక ఎన్ని చెయ్యొచ్చో అప్పుడు తెలిసింది. ఒకదానికి గద్వాల అంచు భుజం మీది నుంచి నిలువుగా దించాను. ఒకదానికి హుక్కులు తీసేసి కుడి అంచున తొమ్మిది గుండీలు పెట్టాను. మా బాపు గొంగడి నల్లదారం మెడ చుట్టూ కుట్టిన జాకెట్ ఒకటుంది, అది గంటసేపు కూడా తొడుక్కోలేకపోయాను, అంత దురద. అన్నీ బాగా వచ్చాయని చెబితే అది మళ్లీ మహిళా దినోత్సవం కథవుతుంది.

చెయ్యి సంగతి మిగిలింది. ఆ చేత్తో ఏం పని చేస్తావని ఖాలా అడిగింది. బోర్డు మీద దేశపటం గీస్తానని చెప్పాను. నేను అచ్చు పటాలు వేలాడదీసే టీచర్ని కాదు, సుద్దముక్కతో కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా ఒక్క గీతలో గీస్తాను, అది నా పేరు. కశ్మీరు ఎంత ఎత్తులో ఉంటుందో చూపించమంది. గోడ మీద చూపించాను. కుట్టు పటపటమంది. కుర్తాలకు చంక కింద వేసే నలుచదరపు ముక్క ఒకటి నా చేత వేయించింది. ఒకసారి చిన్నదైంది. రెండోసారి మూల తప్పింది. మూడోసారి చెయ్యి ఎత్తాను, ఏమీ పట్టలేదు.

బడి తెరిచిన రోజు ఎరుపు గళ్ల జాకెట్, నల్ల చీర. పిన్ను పెట్టిన కొంగు, ఒక్క పొర. మా ఆడబిడ్డ గుమ్మం దగ్గర నిలబడి కింది నుంచి పైకి చూసి, వెనక ఒక దారం వేలాడుతోందని పళ్లతో కొరికేసింది. హెడ్మాస్టర్‌కు ఆఫీసు గది వద్దని చెప్పాను. స్టాఫ్ రూములో ఒకామె చూసి చూపు తిప్పుకుంది, ఇంకొకామె తిప్పుకోలేదు. పదో తరగతిలోకి పోయి, గుడ్ మార్నింగ్ అయ్యాక, బోర్డు వైపు తిరిగి కన్యాకుమారి దగ్గర మొదలుపెట్టాను. కొంకణం తీరం, గుజరాత్ వంపు, రాజస్థాన్. అక్కడ చెయ్యి ఎత్తాలి. ఎత్తాను. సుద్దముక్క ఆగకుండా కశ్మీరు చుట్టి దిగింది. హిమాలయాలు కాస్త వంకర పోయాయి. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, టీచర్ మీ జాకెట్ ఎక్కడ కుట్టించిండ్రు అని అడిగింది. నేనే కుట్టుకున్నానన్నాను. రెండు రంగులెందుకు అంది. నాకు రెండు పక్కలు కాబట్టి, అన్నాను. సరే అని కూర్చుంది. పిల్లలకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఇప్పుడు నాకు సొంత మిషన్ ఉంది. సెలవు రోజుల్లో అప్పుడప్పుడు ఎవరో ఒకరు తలుపు తడతారు. దవాఖానలో ఒకరి నోట ఒకరు విని వస్తారు. హాలియా వైపు నుంచి ఒకామె రెండు బస్సులు మారి వచ్చింది, సంచిలో ఆది జాకెట్ పెట్టుకుని. నువ్వే వచ్చావు కదా, అది ఎందుకన్నాను. ఆ మాట నాది కాదని ఆమెకు చెప్పాను. తలుపు వేసి, రెండు దారాలు తీసి, మా ఆడబిడ్డను చాయ్ పెట్టమన్నాను. ఇప్పుడు ముడులు లెక్కపెట్టి చెప్పేది ఆమే, వచ్చినవాళ్లతో నా కంటే ఎక్కువ మాట్లాడేదీ ఆమే.

శాలువాలు ఇచ్చేవాళ్లకు నేను రుణపడి లేనని కాదు. కానీ నా కృతజ్ఞతకు చిరునామాలు వేరే ఉన్నాయి. పిన్నీసుతో నాలుగు జాకెట్లు విప్పిన చేతులకు. సిగ్గుతో ఎర్రబడి కూడా తల్లి ఇంటి దారి చూపించిన దర్జీకి. అందరికంటే ముందు ఖాలాకు. ఆమె కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. ఎవరినీ రానివ్వలేదు, నేను సందు మొదట్లో నిలబడి వెనక్కి వచ్చాను.

పోవడానికి ఏడాది ముందనుకుంటా, ఒక సాయంత్రం ఇద్దరం కాజాలు కుడుతూ కూర్చున్నప్పుడు, మడత లేకుండా కొయ్యడం నీకెవరు నేర్పారు ఖాలా అని అడిగాను. ఎవరూ నేర్పలేదంది. నా పెండ్లయిన కొత్తల ఒకామెకు అట్ల కుట్టిన, అంది. అప్పట్లో ఈ జబ్బుకు మా దిక్కు పేరు కూడా లేదు. ఆమె ఎవరని అడగబోతుంటే మసీదులోంచి మగ్రిబ్ అజా వినిపించింది, ఖాలా లేచి నమాజుకు ముందు చేతులూ కాళ్లూ కడుక్కోవడానికి, వజూకు, పోయింది. మళ్లీ అడగొచ్చులే అనుకున్నాను. ఊరందరినీ నిలదీసి అడిగే నేను ఆ ఒక్కటి అడగలేదు. కొడుకుకు తెలియదట.

నేను నా జాకెట్ తొడుక్కుని బడికి పోయాను, బోర్డు మీద చెయ్యి ఎత్తాను. ఆ రోజుల్లో, దవాఖానా లేని, జబ్బుకు పేరూ లేని రోజుల్లో, ఖాలా మొదటిసారి మడత విప్పి కుట్టిన ఆ జాకెట్ తొడుక్కుని, పేరు తెలియని ఆ ఒకామె ఎక్కడికి పోయింది?